ముందు మూరింగ్ బోయలు, ఆ తర్వాతే అనుమతులు: అండమాన్ పాలనా యంత్రాంగానికి బహిరంగ లేఖ

అండమాన్ నికోబార్ దీవుల పాలనా యంత్రాంగానికి, అందులో ముఖ్యంగా పర్యాటక, అటవీ శాఖలకూ, రేవుల నిర్వహణ చూసే అధికారులకూ

అయ్యా, అమ్మా,

పది పన్నెండు మంది యాత్రికులను ఎక్కించుకొని వారం పదిరోజుల పాటు దీవుల మధ్య తిరిగే చిన్న తెరచాప ఓడలకు కొత్తగా అనుమతులు ఇచ్చే ముందే, అవి రాత్రి ఆగే ప్రతి చోటా శాశ్వతమైన మూరింగ్ బోయలు (లంగరు వేయకుండా ఓడను కట్టుకోవడానికి సముద్రపు నేలకు బిగించిన తేలుడు బంతులు) దించాలనీ, పగడం మీద, సముద్రపు గడ్డి మీద లంగరు వేయడాన్ని పూర్తిగా నిషేధించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అనుమతులు ముందు ఇచ్చేసి బోయల సంగతి తీరిగ్గా చూద్దామనుకుంటే, ఆ తీరిక దొరికే నాటికి కాపాడుకోవలసిన పగడం మిగలదన్నది నా భయం.

మా పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. మాలో చాలామందికి చేపల వేట, పడవ నడపడం, జెట్టీ మీద పని, డైవింగ్ బోట్లలో కళాసీగిరీ ఇవే జీవనాధారం. కాబట్టి ఈ విహారయాత్రలు రాకూడదని నేను కోరుకోవడం లేదు. అవి రావాలనే నా కోరిక. అయితే అవి ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చూడదగ్గ సముద్రం మీదుగా తిరగాలి.

చిన్న తెరచాప ఓడ ఈ దీవులకు నిజంగానే తగిన వాహనం. స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్)లో, షహీద్ ద్వీప్ (నీల్)లో హోటళ్ళు పెరిగే కొద్దీ ఎండాకాలంలో మంచినీటికి ఎంత కటకట అవుతోందో అక్కడివాళ్ళను అడిగితే చెబుతారు. ఓడలో పడుకునే యాత్రికుడికి భూమి అక్కర్లేదు, బావి అక్కర్లేదు, ఒడ్డున సిమెంటు గోడలు అక్కర్లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తుంది కాబట్టి ఆ నెలల్లో డీజిల్ ఖర్చు కూడా తక్కువే. మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి పడిపోయి ఇంజిను వేయక తప్పదన్నది కూడా నిజమే. అయినా, రెండు దీవుల మీద మాత్రమే కుమ్మరిస్తున్న పర్యాటకపు డబ్బు లాంగ్ ఐలండ్‌కూ, రంగత్‌కూ, మాయాబందర్‌కూ, దిగ్లీపూర్‌కూ, హట్ బేకూ చేరాలంటే ఇంతకన్నా తేలికైన దారి నాకు కనిపించడం లేదు. రోడ్డు మీద ఉత్తరానికి పోయే యాత్రికుడు జరావా ఆదివాసుల అడవి గుండా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డునే పట్టుకోవాలి, సముద్రం మీద తూర్పు తీరం వెంట పోయే యాత్రికుడికి ఆ అవసరం ఉండదు. ఈ ఒక్క కారణం చేతనైనా ఈ యాత్రలను నేను సమర్థిస్తాను.

ఇక లంగరు సంగతి. భూమ్మీద కార్యాలయంలో కూర్చుని దరఖాస్తు చూసేవారికి లంగరు అంటే ఒకచోట గుచ్చుకొని నిలిచే ఇనుపకొక్కెంలాగే తోచవచ్చు. అసలు నష్టం కొక్కెంతో కాదు, గొలుసుతో జరుగుతుంది. లంగరు పట్టు నిలవాలంటే నీటి లోతుకు కనీసం ఐదు రెట్ల గొలుసు వదలాలి, గాలి ముదిరితే ఏడు రెట్లు వదలాలి. పదిహేను మీటర్ల నీటిలో ఆగిన ఓడ డెబ్బై ఐదు మీటర్ల గొలుసు దించుతుంది. ఆరు గంటలకొకసారి పోటూ పాటూ మారుతుంటే, గాలి తిరుగుతుంటే, ఓడ లంగరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, దానితోపాటు గొలుసూ నేల మీద ఈడ్చుకుపోతుంది. ఆ గొలుసు తిరగగలిగే వలయం దాదాపు నాలుగు ఎకరాలు. గుట్టలాగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే పెరుగుతుంది. మనిషి ఎత్తున్న పగడపు గుట్టకు మన తాతముత్తాతల నాటి వయసుంటుంది. అలాంటి చోట ఒక్క రాత్రి ఆగిన ఓడ గొలుసు, మొలక వచ్చిన చేలో గొర్రు తోలినట్టు తోలుకుంటూ పోతుంది.

ఉదయం లంగరు ఎత్తేటప్పుడు ఓడ ముందుభాగంలో నిలబడి చూసినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. గొలుసు కడియాల మధ్య వేలెడంత లావు కొమ్మపగడం ముక్కలు ఇరుక్కొని పైకి వస్తాయి. విరిగిన చోట సున్నంలా తెల్లగా, మిగతా ఒళ్ళంతా ఇంకా గోధుమరంగుగా, ముట్టుకుంటే వేళ్ళకు జిగురు అంటేలా ఉంటాయి. కళాసీ కుర్రాడు వాటిని ఇనుపచువ్వతో తట్టి నీళ్ళలోకి రాలుస్తాడు, బకెట్‌తో గొలుసు కడిగి లంగరు గదిలోకి దించుతాడు. యాత్రికులు అప్పటికి వెనకవైపు కాఫీ తాగుతుంటారు. అందులో ఎవరి తప్పూ లేదు. సరంగుకు ఓడ నిలవాలి, కుర్రాడికి గొలుసు శుభ్రంగా ఉండాలి. కట్టుకోవడానికి బోయ ఒకటి ఉంటే వాళ్ళిద్దరికీ ఆ పనే తగిలేది కాదు.

1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి మన పగడాలు తెల్లబారాయి. ఆ వేడిని ఏ పాలనా యంత్రాంగమూ ఆపలేదు. తెల్లబారిన పగడం తేరుకోవాలంటే కొన్నేళ్ళ పాటు దాన్ని మరేదీ తాకకుండా ఉండాలి. లంగరును ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. అలాగే సముద్రపు గడ్డి మైదానాలు. వాటి మీద బతికే, సముద్రపు ఆవు అనిపించుకునే డుగాంగ్‌ను ఈ దీవుల రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్నది మనమే. పగడానికి దూరంగా ఇసుకలో లంగరు వేయమని చెబితే చాలదు, పైనుంచి చూస్తే ఇసుకలా కనిపించే చోట పలచగా పెరిగే గడ్డే చాలాసార్లు ఆ జంతువుకు మేత.

చిన్న ఓడ కాబట్టి నష్టమూ చిన్నదే అన్న మాటను దయచేసి నమ్మవద్దు. 2017 మార్చిలో ఇండోనేషియాలోని రాజా అంపత్ దీవుల్లో, నూరు మంది యాత్రికులతో వచ్చిన కలెడోనియన్ స్కై అనే ఓడ పాటు సమయంలో క్రీ దీవి దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. దాన్ని టగ్ బోటుతో లాగే క్రమంలో పదమూడు వేల చదరపు మీటర్లకు పైగా దిబ్బ నలిగిపోయింది. క్రూయిజ్ లెక్కల్లో అది చిన్న ఓడే, అలాంటి మారుమూల దీవులకు వెళ్ళడానికే పనికివచ్చే ఓడగా పేరున్నదే. ఆ దిబ్బ ప్రపంచంలోకెల్లా ఎక్కువ రకాల పగడాలున్న ప్రాంతంలో ఉంది. నష్టపరిహారం గురించి ఎంత చర్చ జరిగినా నలిగిన పగడం ఆ చర్చతో తిరిగి మొలవలేదు. మన తెరచాప ఓడలు దానికన్నా ఎంతో చిన్నవి, ఒప్పుకుంటాను. కానీ అవి ఒకే అందమైన రేవులో వారం తర్వాత వారం, సీజను తర్వాత సీజను లంగరు వేస్తాయి. ఒక్కసారి జరిగిన పెద్ద ప్రమాదాన్ని పత్రికలు రాస్తాయి, వందసార్లు జరిగే చిన్న ఈడ్పులను ఎవరూ రాయరు.

దారి చూపే ఉదాహరణలు మన పక్కనే ఉన్నాయి. ఇదే అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున, థాయిలాండ్ సిమిలన్ జాతీయ ఉద్యానంలో పడవలు మూరింగ్ బోయలకు కట్టుకుంటాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో, మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, ఉద్యానాన్నే మూసివేస్తారు. 2018లో రోజువారీ సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టారు, రాత్రి బసను నిలిపివేశారు. అదే ఏడాది జూన్‌లో మూసివేసిన, అదే దేశంలోని మాయా బే అనే రేవును 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు, పడవలను ఆ రేవులోకి రానివ్వకుండా దీవికి వెనకవైపున ఆపే ఏర్పాటు చేశారు. ఇవన్నీ దెబ్బ తిన్నాక వేసుకున్న మందులు. ఫుకెట్ నుంచి మన రేవుకు సుమారు 400 నాటికల్ మైళ్ళు, గాలి అనుకూలిస్తే మూడు నాలుగు రోజుల ప్రయాణం. అక్కడ కట్టడి పెరిగే కొద్దీ ఆ ఓడల చూపు ఇటు తిరగడం సహజం. మనం దెబ్బ తినకముందే మందు వేసుకోగల స్థితిలో ఉన్నాం.

గాలాపగోస్ దీవుల పద్ధతి నాకు మరింత నచ్చుతుంది. అక్కడ ఏ ఓడా నూరు మందికి మించి యాత్రికులను తీసుకెళ్ళకూడదు. పదహారు మందికి ఒక గైడు, అదీ ఉద్యానం గుర్తింపు ఉన్నవాడు, వెంట ఉండాలి. ఏ ఓడ ఏ రోజు ఏ చోట ఆగాలో ఓడవాళ్ళు కాక ఉద్యానమే నిర్ణయిస్తుంది. 2012 నుంచి ఒక ఓడ పద్నాలుగు రోజుల్లో ఒకే చోటికి రెండుసార్లు వెళ్ళడానికి వీల్లేదు. దానివల్ల ప్రతి రేవుకూ ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మనకూ అలాంటి పట్టిక కావాలి. రిచీ ద్వీపసమూహంలో ఇన్ని ఓడలు, లాంగ్ ఐలండ్ దగ్గర ఇన్ని, నార్త్ పాసేజ్‌లో ఇన్ని, రాస్–స్మిత్ దీవుల దగ్గర ఇన్ని అని బోయల సంఖ్యే ఓడల సంఖ్యను నిర్ణయించాలి. బోయ ఖాళీ లేకపోతే ఆ రాత్రికి అక్కడ చోటు లేదన్నమాట. ఇంతకన్నా సులువుగా అమలు చేయగల పరిమితి మరొకటి ఉండదు, ఎందుకంటే దాన్ని లెక్కపెట్టడానికి అధికారి నీళ్ళలోకి దిగనక్కర్లేదు, ఒడ్డు నుంచి చూస్తే చాలు.

బోయలు దించడం తలకు మించిన పనేమీ కాదు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో ఒక పద్ధతి రూపొందింది. గట్టి రాతినేల ఉన్నచోట రంధ్రం తొలిచి ఉక్కు కడ్డీని సిమెంటుతో బిగిస్తారు. ఇసుకనేలలో మరలాంటి లంగరును తిప్పి దించుతారు, లేదా పగడానికి దూరంగా బరువైన కాంక్రీటు దిమ్మ వేస్తారు. దానికి కట్టిన తాడు పాటు సమయంలో వదులై నేలకు రాసుకోకుండా మధ్యనీటిలో ఒక చిన్న తేలుడు బంతి కడతారు. అంతే. అసలు కష్టం దించడంలో లేదు, దించినదాన్ని చూసుకోవడంలో ఉంది. తాడు ఉప్పునీటికి, ఎండకు చివుకుతుంది, ఇనుప కడియాలు అరుగుతాయి. తెగిన బోయకు కట్టిన ఓడ అర్ధరాత్రి దిబ్బ మీదికి కొట్టుకుపోతే, అంతకన్నా లంగరే నయమని అందరూ అంటారు, ఆ మాట నిజం కూడా అవుతుంది. అందుకే ప్రతి బోయకూ ఒక సంఖ్య, అది మోయగల బరువు, చివరిసారి తనిఖీ చేసిన తేదీ దాని మీదే రాసి ఉండాలి. ఆ తనిఖీని ఇక్కడి డైవర్లకే ఒప్పగించాలి. ఖర్చును ఓడల నుంచి రాత్రికింత అని వసూలు చేసి, ఆ డబ్బును మరో పద్దుకు మళ్ళించకుండా ఈ పనికే ఖర్చు పెట్టాలి.

మురుగునీటి విషయంలో చట్టంలో ఒక ఖాళీ ఉంది, దాన్ని మీరే పూడ్చాలి. ఓడల మురుగును కట్టడి చేసే మార్పోల్ ఒప్పందపు నాలుగవ అనుబంధం అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలకు, అందులోనూ 400 టన్నులు, అంతకు మించిన స్థూల టన్నేజీ ఉన్నవాటికి, లేదా పదిహేను మందికి మించి మనుషులను తీసుకెళ్ళడానికి ధ్రువీకరణ పొందినవాటికి మాత్రమే వర్తిస్తుంది. మన దీవుల మధ్యే తిరిగే, పన్నెండు మంది యాత్రికుల తెరచాప ఓడ అంతర్జాతీయ ప్రయాణం చేయదు కాబట్టి ఆ పరిధిలోకే రాదు. అంటే పెద్ద ఓడ తీరానికి దూరంగా వెళ్ళాక వదలాల్సిన మురుగును, చిన్న ఓడ మూసుకుపోయినట్టుండే ప్రశాంతమైన రేవులో, యాత్రికులు ఈత కొట్టే నీటిలోనే వదిలినా ఆ ఒప్పందం అడ్డు చెప్పదు. మురుగులోని పోషకాలతో నాచు పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది. కాబట్టి మురుగును నిల్వ చేసే ట్యాంకు లేని ఓడకు అనుమతి ఇవ్వకూడదు. ఆ ట్యాంకులను ఖాళీ చేయించే పంపులు శ్రీ విజయపురంలోనూ, స్వరాజ్ ద్వీప్‌లోనూ, మాయాబందర్‌లోనూ కనీసం ఒక్కొక్కటి ఉండాలి. పంపు లేకుండా ట్యాంకు పెట్టమంటే, చీకటి పడ్డాక కవాటం తెరుచుకుంటుంది.

చెత్త గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వండూర్ జెట్టీ దగ్గర జాలీ బాయ్ దీవికి వెళ్ళేవారి సంచులు వెతికి ప్లాస్టిక్‌ను ఆపే పద్ధతిని మీరే పెట్టారు, అది పనిచేస్తోంది. 1983లో ఏర్పడిన ఆ మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను వంతులవారీగా తెరిచి ఒకదానికి విశ్రాంతి ఇచ్చే ఆలోచన కూడా మీదే. నేను అడుగుతున్నది ఆ జాగ్రత్తనే రాత్రి బస చేసే ఓడలకూ విస్తరించమని.

ఒక విషయంలో మాత్రం బోయలూ పంపులూ ఏవీ సరిపోవు. బయటివారితో కలవని ఆదివాసులుండే ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ ఐదు కిలోమీటర్ల నిషేధం ఉంది, జరావాల అడవి పడమటి తీరం వెంట సాగుతుంది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఉన్నాయి. అయినా 2018 నవంబరులో ఒక విదేశీయుడు మత్స్యకారుల పడవలో సెంటినెల్ చేరి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చిలో మరొకడు అదే ఒడ్డున కాలు పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. మాట్లాడవలసింది వాళ్ళ సాహసం గురించి కాదు. 1877లో వచ్చిన తట్టు గ్రేట్ అండమానీలను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. జరావాలు బయటివారితో కలవడం మొదలుపెట్టాక 1999లో, 2006లో వాళ్ళలోనూ తట్టు ప్రబలింది. ఒక యాత్రికుడి దగ్గు ఒక జాతికి ప్రాణాంతకం కాగల చోటు ఇది. అందుచేత ప్రతి యాత్రా ఓడలోనూ, అది ఎంత చిన్నదైనా, ఓడ ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే ఏఐఎస్ పరికరం ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలనీ, అది ఆగిన గంటలోపు కారణం తెలియజేయని ఓడ అనుమతి రద్దవుతుందనీ రాతపూర్వకంగా పెట్టాలి. దక్షిణ, మధ్య అండమాన్ పడమటి తీరాన్ని ఈ యాత్రల పట్టికలోంచి పూర్తిగా తీసేయాలి. అటు సూర్యాస్తమయం ఎంత బాగున్నా సరే.

భద్రత విషయంలో మన దగ్గర ఒక గాయం ఉంది. 2014 జనవరి 26న, శ్రీ విజయపురం రేవుకు అంత దగ్గరలో, పట్టవలసిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2016 డిసెంబరులో తుఫాను పట్టినప్పుడు వెయ్యి మందికి పైగా యాత్రికులు స్వరాజ్, షహీద్ దీవుల్లో చిక్కుకుపోయారు. వాళ్ళ కాళ్ళ కింద కనీసం నేల ఉంది. తెరచాప ఓడలో ఉన్నవారికి అది కూడా ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతం తుఫాన్లు పుట్టే కాలమూ, యాత్రల సీజను మొదలయ్యే కాలమూ ఒకటే కావడం మన దురదృష్టం. కాబట్టి ప్రతి యాత్రా మార్గంలోనూ ఏ గాలికి ఏ రేవులో తలదాచుకోవాలో ముందే నిర్ణయించి, ఆ రేవుల్లో తుఫానుకు తట్టుకునే బరువైన బోయలు వేయాలి.

ఇందులో మా పెద్దల అనుభవం పనికొస్తుందని గట్టిగా చెప్పగలను. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా పైకి లేచింది, శ్రీ విజయపురం పరిసరాలు మీటరు దాకా కుంగాయి, ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. అంతకు ముందు అచ్చైన పటాల్లో ఐదు బారలని రాసి ఉన్నచోట ఇప్పుడు నాలుగు బారలు ఉండవచ్చు, ఐదున్నర ఉండవచ్చు. ఏ దిబ్బ పాటుకు తేలుతుందో, ఏ సందులో నీటి ఒరవడి ఎటు లాగుతుందో, వేటకు పోయే సరంగుకు పటం చూడకుండానే తెలుసు. బోయలు ఎక్కడ దించాలో నిర్ణయించే బృందంలో శాస్త్రవేత్తలతో పాటు ఆ సరంగులనూ కూర్చోబెట్టండి. ప్రతి యాత్రా ఓడలో స్థానికుడైన ఒక మార్గదర్శి ఉండాలని నియమం పెట్టండి, అతడి మాటకు కెప్టెన్ మాట కన్నా తక్కువ విలువ ఉండకూడదని కూడా రాయండి.

పనివాళ్ళ గురించి ఒక మాట. ఇలాంటి యాత్రల్లో స్థానికులకు సాధారణంగా దక్కేది వంటగది, సామాను మోత, డింగీ తోలడం. చుక్కాని దగ్గర నిలబడేది బయటివాడే. తెరచాప నడపడంలో ధ్రువీకరణ ఇచ్చే శిక్షణ ఇక్కడ దొరకనంత కాలం అది మారదు. మా పిల్లలు చిన్నప్పటి నుంచి నీళ్ళలోనే పెరిగారు, పోటూ పాటూ వాళ్ళకు గడియారం చూసినంత తేలిక. వాళ్ళు సరంగులుగా, డైవ్ మాస్టర్లుగా, బోయల తనిఖీదార్లుగా ఎదగడానికి కావలసిన శిక్షణను అనుమతుల రుసుములోంచే ఏర్పాటు చేయమని కోరుతున్నాను. బెంగాలీ, తమిళం, హిందీ, రాంచీ కుటుంబాల పిల్లలకూ, నికోబారీ, కరెన్ పిల్లలకూ ఇదే వర్తించాలి. సముద్రం మీద మేమంతా ఒకే పడవ మనుషులం.

బారెన్ అగ్నిపర్వతాన్ని దూరం నుంచి చూపించి తీసుకురావడం, సిన్క్ దీవుల ఇసుకపట్టీ మీద పగలు కాసేపు ఆగడం, మిట్టమధ్యాహ్నపు నీటిలో చిలుకచేపలు పగడాన్ని కొరికే చప్పుడు యాత్రికులకు వినిపించడం, ఇవన్నీ ఏ హాని లేకుండా చేయగల పనులు. ఏ హానీ జరగకూడదంటే ఓడలు రాకముందే ఏర్పాట్లు చేసుకోవాలి. 2018 ఆగస్టులో 29 దీవులకు విదేశీయుల అనుమతి నిబంధనలను సడలించినప్పుడు తలుపు ముందు తెరిచి, గడియ గురించి తర్వాత ఆలోచించాం. ఈసారి ఆ క్రమాన్ని మార్చమని నా విన్నపం.

సముద్రం నిశ్చలంగా ఉండి డైవర్లు అడుగున గంటల తరబడి పనిచేయగలిగేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే. మే నెలలో నైరుతి వచ్చిందంటే అక్టోబరు దాకా దిబ్బల మీద పని సాగదు. వచ్చే నవంబరు సీజనుకు మొదటి బోయలు నీటిలో ఉండాలంటే చోట్ల ఎంపిక జనవరిలోపు పూర్తి కావాలి. రిచీ ద్వీపసమూహంతో మొదలుపెట్టి, ఎంపిక కోసం పిలిచే మొదటి సమావేశాన్ని జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గరే, వేట పడవలు తిరిగివచ్చే వేళ దాటాక పెట్టండి, పిలవవలసిన మనుషులంతా అప్పటికి అక్కడే ఉంటారు.

ఇట్లు,
జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగువాడు